హ్యాండిల్‌కు కట్టిన గళ్ల తువ్వాల

బూట్ల లేసులు ఈమధ్య మరీ పొడుగ్గా చేస్తున్నారు. రెండు ముళ్లు వేసినా ఇంకా మిగులుతాయి. ఆ మిగిలినదాన్ని తొక్కుకుంటూ నడవాలి. భూపాలపల్లిలో బూట్లు అమ్మినాయనతో ఈ మాట అంటే, "నడుస్తుంటే అలవాటైతది సార్" అన్నాడు. ఏడాది దాటింది. నాకు అలవాటైంది, లేసుకు ఇంకా కాలేదు.

నాది జనగామ. టేకుమట్ల దగ్గర ఒక బడిలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. దయ్యాలున్నాయా సార్ అని పిల్లలు అడిగితే, కొలవగలిగినవాడు ఎవడైనా వస్తే నోట్సు రాయిస్తాను, అప్పటిదాకా విద్యుత్తు పాఠం తీయండి అంటాను. ఇప్పుడూ అదే అంటున్నాను. కాకపోతే కొంచెం మెల్లగా అంటున్నాను.

షుగరు వచ్చిందని డాక్టరు నన్ను రోజూ నడవమన్నారు. ఎటు నడవాలో చెప్పలేదు. ఐదేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ నాకు తెలిసిన దారులు మూడు: బడికి, బస్సుకు, కూరగాయల దుకాణానికి. ఊరు చూసినట్టూ ఉంటుంది, షుగరు తగ్గినట్టూ ఉంటుందని రోజుకో కొత్త బాట పట్టాను. వాగు దాకా ఒకటి, మిరప తోటల నడుమ ఒకటి. ఏ కుక్క అరుస్తుంది, ఏది అరవకుండా వస్తుంది, ఎవరి చేను గట్టు మీద కాలు జారుతుంది, అన్నీ తెలిశాయి. షుగరు మాత్రం ఉన్నచోటే ఉంది.

మూడో నడక పొలాల మధ్య నుంచి. ఆ బాటలో సగం దూరంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చుట్టుపక్కల రైతుల మోటర్లన్నిటికీ కరెంటు దాని నుంచే. పక్క స్తంభానికి ఛాతీ ఎత్తులో ఇనుప హ్యాండిల్. కిందికి దించితే కరెంటు బంద్, పైకి ఎక్కిస్తే కరెంటు వస్తుంది.

పోయిన యాసంగి నాట్లప్పుడు, చలికాలంలో ఒక పొద్దున సరిగ్గా ఆ స్తంభం దగ్గర లేసు ఊడింది. వంగి కట్టుకుని లేస్తే, ఎదురుగా హ్యాండిల్‌కు ఒక ఎర్ర గళ్ల తువ్వాల కట్టి ఉంది. కింది మూల అరచేతంత చిరుగు. దాన్ని ఎవరో నీలం దారంతో ఓపిగ్గా అల్లినట్టు కుట్టారు. ఎవరో రైతు ఆరేసుకున్నాడనుకుని వెళ్లిపోయాను. మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ ఉంది. నాలుగో రోజు గమనించాను. అందరి చేలలో మంచు కురిసి ఆకులు తడిసి ఉన్నాయి. తువ్వాల మాత్రం పొడిగా ఉంది.

ఆ రోజు తిరిగి వస్తుంటే ఓదేలన్న కనిపించాడు. అక్కడే రెండెకరాలు చేస్తాడు. నా నడకను చూసి నవ్వని రోజు లేదు. "ఏ పని లేకుంట నడిచేటోన్ని నిన్నే సూసిన సారూ. మేం నడిస్తె పని, మీరు నడిస్తె మందు" అంటాడు.

ఆ తువ్వాల ఎవరిదని అడిగాను.

"ఏ తువ్వాల?"

ఇద్దరం వెనక్కి వెళ్లాం. హ్యాండిల్‌కు ఏమీ లేదు.

"సుగరు కండ్లకెక్కినట్టుంది, జర సూపించుకో" అన్నాడు. ఏ రంగుదని మాత్రం అడిగాడు. ఎర్ర గళ్లు అనగానే అతని నవ్వు ఆగింది. మళ్లీ వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చింది.

అప్పుడు గట్టు మీద కూర్చుని చెప్పాడు. మోటరుకు పోయే వైరు తెగితేనో ఫీజు పోతేనో రైతులే బాగుచేసుకుంటారు. లైన్‌మన్ ఒక్కడే, చేలు చాలా. హ్యాండిల్ దించి, భుజం మీది తువ్వాల తీసి దానికి కట్టి పోతారు. ఎవడో వైరు మీద ఉన్నాడని దానర్థం. కట్టినవాడు వచ్చి విప్పేదాకా ఇంకెవ్వరూ హ్యాండిల్ ముట్టరు. రెండేళ్ల కింద మల్లయ్య అనే రైతు అట్లాగే కట్టి పోయాడు. ముడి వదులైందో ఏమో, గాలికి ఊడి బురదలో పడింది. వెనక వచ్చినవాడు దించిన హ్యాండిల్ చూశాడు, తువ్వాల చూడలేదు. పైకి ఎక్కించాడు. వైరు పట్టుకున్న మల్లయ్య పట్టుకున్నట్టే పోయాడు.

"తువ్వాల ఉన్నదంటె మనిషి ఉన్నట్టు సారూ. గంతే" అన్నాడు ఓదేలన్న.

పరకాల పోయి కళ్లు చూపించుకున్నాను. దగ్గరి చూపుకు మాత్రం అద్దాలు రాశారు, దూరం చూపు బాగుందన్నారు. మర్నాడు మళ్లీ ఆ బాటే పట్టాను. తువ్వాల ఉంది. ఫోను తీసి ఫొటో కొట్టాను. ఫొటోలో స్తంభం ఉంది, హ్యాండిల్ ఉంది, దానికి పట్టిన తుప్పు కూడా చక్కగా వచ్చింది. తువ్వాల లేదు. తల ఎత్తి చూస్తే ఉంది.

ఆ తరవాత వారం రోజులు వాగు దాకా నడిచాను. వాగు చాలా ఆరోగ్యకరమైన ప్రదేశం అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎనిమిదో రోజు మూడో బాటకే వెళ్లాను. భయపడ్డానని ఒప్పుకోవడం ఇష్టం లేక అయి ఉంటుంది. మంచు దట్టంగా ఉంది. పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ఎక్కడో ట్రాక్టరు పొలం దున్నుతున్న చప్పుడు. ఓదేలన్న చేలో నాట్లకు వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి ఉన్నారు. మడిలో నీళ్లు లేవు.

"ఓదేలన్నా, నీళ్లొస్తయా? ఇంట్లకెళ్లి తెచ్చి పొయ్యాల్నా?" అని ఒకామె కేక.

"వస్తయ్ తియ్యి, నీ నోరు కంటె జల్దిన వస్తయ్" అంటూ ఓదేలన్న స్తంభం దగ్గరికి ఉరుకుతూ వచ్చాడు. హ్యాండిల్ కిందికి దించి ఉంది. రాత్రి ఎవరో దించి మరిచిపోయారని తిట్టుకుంటూ దాన్ని పట్టుకున్నాడు.

అతని వేళ్ల కింద తువ్వాల ఉంది. ఎర్ర గళ్లు, నీలం కుట్టు. ఈసారి అది తడిసి ఉంది. కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఉరికి వెళ్లి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాను. తువ్వాల ఉంది, ఎత్తకు అన్నాను.

"ఏడున్నది సారూ? పొద్దుగాల్నే ఏం పరాశికం?"

నీ చేతి కింద అన్నాను. అతను చేతి వైపు చూశాడు, తరవాత నా వైపు. నన్ను చూసే చూపులో జాలి ఉంది. మంచులోకి తిరిగి, "ఎవలన్న ఉన్నరా? కరెంటు ఎక్కిస్తున్న" అని గట్టిగా అరిచాడు. ట్రాక్టరు చప్పుడు తప్ప ఏదీ రాలేదు. మళ్లీ అరిచాడు. లేదు.

"ఇన్నవ్ గద? ఇడువు సారూ. ఆడోళ్లు ఎల్లిపోతరు, నాట్లు ఆగితె నా బతుకేం గాను."

అతని కష్టం నాకు తెలుసు. కూలీలు ఆ రోజు పోతే మళ్లీ వారానికి గాని దొరకరు, నారు ముదిరిపోతుంది. నా దగ్గర ఉన్నది మాత్రం ఎవరికీ కనిపించని ఒక గుడ్డ. పిల్లలకు నేను చెప్పే లెక్కన ఓదేలన్న చెప్పేదే సరైంది. అయినా చెయ్యి వదల్లేదు. వైరు వెంట ఒకసారి చూసొస్తాను, అప్పటిదాకా ఆగు, నీకు దండం పెడతానన్నాను. నేను దండం పెట్టడం అతనికి ఎంత వింతగా తోచిందో గానీ చెయ్యి దించాడు.

స్తంభం నుంచి మోటర్ల వైపు కర్రల మీదుగా పోతున్న వైరు కింద నడిచాను. ఒక్కో కర్ర మంచులో నుంచి బయటికి వస్తోంది, వెనక్కి పోతోంది. వెనక హ్యాండిల్ కదిలిన శబ్దం వస్తుందేమోనని చెవులు అటే ఉన్నాయి. మనసులో కర్రలు లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండో కర్ర దగ్గర మనిషి.

చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఆడమనిషి. బురదలో మడమల మీద కూర్చుంది. తెగిన వైరు ఒక కొస చేతిలో ఉంది. రెండో కొస నోట్లో ఉంది. పైతొడుగును పంటితో ఒలుస్తోంది.

మల్లయ్య కూతురు స్వరూప అని ఆ తరవాత తెలిసింది. తండ్రి పోయాక ఆయన ఎకరన్నర పొలం తనే చేస్తోంది.

వైరు వదిలిపెట్టమని అరిచాను. తల ఎత్తి, నోట్లోది తీసి, "ఏమైంది సారూ, గట్ల ఒణుకుతున్నవ్?" అంది.

ఓదేలన్న కూడా వెనకే వచ్చాడు. ఆమెను చూసి గట్టు మీద కూలబడ్డాడు. అతని కుడి చెయ్యి ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది. కాసేపటికి భయమంతా కోపమై బయటికొచ్చింది. "తువ్వాల కట్టద్దా? అయ్య ఎట్ల పోయిండో ఎరికే గద! సోయి లేదా నీకు?"

స్వరూప లేచి నిలబడింది. "తువ్వాల మొగోళ్ల బుజాల మీద ఉంటది ఓదేలు బాపూ. నేనేం గట్టాలె? కొంగు ఇప్పి కట్టాల్నా?"

ఓదేలన్న లేచి ఆమె చేతిలోని వైరు అందుకున్నాడు. అతనే అతికాడు. నేను స్తంభం దగ్గర కాపలా నిలబడ్డాను. హ్యాండిల్‌కు ఏమీ లేదు. కింద నేల మీద ఒకచోట నీళ్లు కారినట్టు తడి ఉంది. మంచు వల్ల అంతటా తడే కనక దాన్ని సాక్ష్యంగా చూపించను.

నాలుగు రోజులకు స్వరూప బాట మీద నాకోసం నిలబడి ఉంది. ఓదేలన్న చెప్పినట్టున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఒక్క ముక్క కలపలేదు. చిరుగు ఏ మూల అని అడిగింది. కింద ఎడమ మూల అన్నాను. దారం ఏ రంగు అంది. నీలం అన్నాను.

"నేనే కుట్టిన. బడి సంచి కుట్టంగ మిగిలిన దారం" అంది. "నాయిన మీద కప్పి గా తువ్వాలతోనే బొంద పెట్టినం" అంది.

నా వంతు ప్రయత్నం నేను చేశాను. దించిన హ్యాండిల్ చూసి, ఓదేలన్న కథ గుర్తొచ్చి, నా మెదడే ఒక తువ్వాలను తయారు చేసిందని రాసుకున్నాను. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కథ వినకముందే నాలుగు రోజులు దాన్ని చూశాను. మల్లయ్యను బతికుండగా ఒక్కసారి కూడా చూడలేదు. నీలం దారం దగ్గరికి వచ్చేసరికి నా సిద్ధాంతం ఆగిపోతుంది. ఆ తరవాత తువ్వాల మళ్లీ కనిపించలేదు. ఇప్పటికీ రోజూ అటే నడుస్తున్నాను. ఏం జరిగిందో నాకు తెలియదు.

స్వరూప బాట మీద నిలబడిన ఆ పొద్దునా ఈ మాటే ఆమెతో అన్నాను. ఆమె కృతజ్ఞతలు చెబుతుందేమోనని, చెబితే వద్దనాలని, మర్యాదగా ఏదో మాట సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"రెండేండ్ల సంది రోజు గీడికే వస్తున్న. నాకు ఒక్కనాడన్న కనవడలే" అంది. "నువ్వేమైతవ్ సారూ మాకు?"