దొరగారూ అన్న పిలుపు

యోనా పోయి ఏడాది దాటింది. ఐర్లండులో, ఈ నేవన్ ఊళ్లో మా ఇళ్ల వరసలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. పొద్దున్నే నీలం చొక్కా వేసుకుని నర్సింగ్ హోమ్‌కి నడిచిపోయే పొట్టి మనిషి, అంతే. భార్యగా నేను చూసింది, ఆయన నోట విన్నది, గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఆయనది బందరు, వలందపాలెం. వలందులంటే హాలెండు వాళ్లు. పరాసుపేట ఫ్రెంచి వాళ్లది. ఇంగ్లీషుపాలెం సరేసరి. మా గుడ్డ కోసం ముగ్గురు రాజుల మనుషులొచ్చి పేర్లు మాత్రం వదిలిపోయారని నవ్వేవారు. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవాడు. అది కూడు పెట్టక యోనా మిషను ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేరారు. నేను నర్సుగా ఇక్కడికొచ్చాక నా వెనకే వచ్చి, ముసలివాళ్లకి తినిపించి స్నానం చేయించే పనిలో కుదురుకున్నారు.

ఆ హోమ్‌లో ఓవెన్ అనే రైతు ఉండేవాడు. తొంభైకి దగ్గర. చేతులు వణికేవి గనక చెంచా ఇంకొకరు పట్టాలి. ఎవరు పట్టినా పళ్లు బిగించేవాడు, యోనా పడితే తినేవాడు.

"బైబిల్లో యోనా అంటే తిమింగలం మింగినవాడేగా? మరి నిన్నెందుకు కక్కేసింది?"

"ఉప్పు చాల్లేదంట, దొరగారూ."

మాటలన్నీ ఇంగ్లీషే, ఆ పిలుపొక్కటి తెలుగు. తెల్లాయన కనబడితే దొరగారూ అనడం మిషను కాంపౌండులో పెరిగినవాళ్లకి ఊపిరి లాంటిది. హోమ్‌లో ఆయనతో పనిచేసే నెల్లూరు దేవమణి ఊరుకునేది కాదు.

"ఏందన్నా, కంపెనీ పొయ్యి ఎన్ని తరాలయింది? నువ్వింకా దొరల్ని మోస్తానే ఉండావు!"

"నోటి అలవాటమ్మా. పెద్దాయనకి వినడానికి బాగుందంట."

ఓవెన్, యోనాల కబుర్లన్నీ ఓడల గురించే. మా పువ్వుల గుడ్డ ఓడలెక్కిపోతే, ఇంగ్లీషు రాజులు సొంత నేతగాళ్ల కోసం దాన్ని కట్టడి చేశారనీ, తరవాత అవే పువ్వులు మిల్లులో అచ్చేసి మాకే అమ్మారనీ యోనా చెప్పేవారు. ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలో, పెద్ద కరువులో, మా ధాన్యం, వెన్న రేవు దాటి పోతుంటే ఇక్కడ జనం గడ్డి తిని చచ్చారని ఓవెన్ చెప్పేవాడు. ఆ చెప్పుకోవడంలోనే గిన్నె ఖాళీ అయ్యేది.

ఒకరోజు జావ తాగుతూ ఓవెన్ అడిగాడు. "అవునూ, దొరగారూ అంటే ఏంటి?"

యోనా సంతోషంగా చెప్పారు. "ప్రభువు అని. ఇంగ్లీషు వాళ్లని మా తాతలు చేతులు కట్టుకుని అలాగే పిలిచేవాళ్లు."

ముసలాయన చెంచా తోసేశాడు. "మా తాతమ్మని పసిబిడ్డతో ఇంట్లోంచి ఈడ్చేసి గోడలు కూల్చింది వాళ్లే. ఇన్నాళ్లూ నన్ను ఆ పేరుతోనా పిలిచింది?"

ఆ పూట నుంచి యోనా చేతి ముద్ద ముట్టలేదు. యోనాని వేరే వార్డుకి మార్చారు. కొత్తవాళ్ల చేతా తినలేదు. ఇవాళ రెండు చెంచాలు, ఇవాళ పాలు మాత్రమేనని దేవమణి కబురు తెచ్చేది. ఇంట్లో ఈయన కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు.

"నా మాట మూలాన ఒక మనిషి పస్తుంటున్నాడు, జెమీమా."

"సారీ చెప్పండి."

"చెప్పాను. గ్రాండ్, బాగానే ఉందిలే అన్నాడు. ఈ దేశంలో గ్రాండ్ అన్నారంటే తలుపేసేసినట్టే."

మర్నాడు మధ్యాహ్నం తన భోజనం మానేసి ఓవెన్ గదికి వెళ్లారు. చెంచా పట్టుకుని మంచం పక్కన కూర్చున్నారు. "అది మర్యాద కాదండీ, భయం. దొరలు మా తాతలకి బయానా ఇచ్చి కట్టేసుకునేవాళ్లు, ఎదురు చెప్తే కొట్టేవాళ్లు. భయం సంగతి మర్చిపోయాం, పిలుపు మిగిలింది."

ఓవెన్ కిటికీ వైపే చూస్తూ విన్నాడు. "వాళ్లు పోయారుగా. మరి ఇంకా ఎవరికి భయపడుతున్నావు?"

యోనా చెంచా నోటి దాకా తీసుకెళ్లారు. నోరు తెరుచుకోలేదు.

ఆదివారం ఉదయం ఓవెన్ పోయాడు. మనుషులు తక్కువై, శవాన్ని కడగడానికి యోనానే పంపారు. మా పనిలో పోయినవాళ్లతోనూ మాట్లాడతాం. చెయ్యి తుడుస్తున్నానమ్మా, ఇటు తిప్పుతున్నానయ్యా అని చెప్పి చేస్తాం. ఆయన ఎప్పుడూ అది మానలేదు.

ఆ రోజు తడి చొక్కాతోనే వచ్చి మెట్ల మీద కూలబడ్డారు.

"దొరగారూ అనలేను. అయ్యా అన్నా అందులో దొరే వినబడింది. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు."

"మరేం చేశారండీ?"

"ఏమీ చెప్పకుండానే కడిగాను. చెప్పకుండానే తిప్పాను." తన అరచెయ్యి చూసుకున్నారు. "ఆయన నోరు తెరిచే ఉంది, జెమీమా. ఈ చేత్తోనే మూశాను."