వివేక దేవత బండి మీద కొలోంబ్ విడాకులు

ఫ్రాన్సులోని ట్రువా ఊళ్లో పిల్లుల సందు మొదట్లోనే ఉడుకుతున్న పేగుల వాసన తగిలిందంటే కొలోంబ్ కొట్టు వచ్చినట్టే. పంది పేగులు ఏడు నీళ్లలో కడిగి, సన్నగా చీల్చి, ఉల్లిపాయా మిరియాలూ దట్టించి ఆమె చుట్టే ఆందుయెట్ల కోసం జడ్జీలు కూడా వరసలో నిలబడేవారు. అదే కొట్టు వెనక గదిలో ఆమె భర్త ఎవ్రార్ విగ్గులు కట్టేవాడు. ముందు గదిలో పేగులు, వెనక గదిలో జుట్టు. పదకొండేళ్ల కాపురం అలా గడిచింది.

ఎవ్రార్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. మాట్లాడతాడు, అంతే. కళ్లు తెరిచిన క్షణం నుంచి దీపం ఆర్పేదాకా మాట్లాడతాడు. ఏ సంగతైనా మొదట్నుంచి చెబితేగాని అతనికి తృప్తి ఉండదు. విప్లవం వచ్చాక ప్రభువులు పారిపోయారు, పారిపోనివాళ్లు సొంత జుట్టుతో తిరగడం మొదలుపెట్టారు. విగ్గుల బేరం తగ్గినకొద్దీ ఎవ్రార్ మాటలు పెరిగాయి.

ఒకరోజు పొద్దున కొలోంబ్ మూడు గంటలు రొట్టెల కొట్టు ముందు నిలబడి, రొట్టె దొరక్క చారెడు పిండి మాత్రం తెచ్చుకుంది. పేగులు కడిగి వచ్చేసరికి ఆ పిండి కనిపించలేదు. వెనక గదిలో, రెండేళ్ల కిందట దేశం వదిలి పారిపోయిన ఒక మార్క్వీగారి విగ్గు మీద తెల్లగా మెరుస్తోంది. ప్రభువుల విగ్గులకు పిండి అద్దడం రివాజు. ఆయన తిరిగొస్తే విగ్గు పాడైపోయి ఉండకూడదని ఎవ్రార్ జల్లాడు. కొలోంబ్ ఆ విగ్గును కాసేపు చూసి, చేతులు తుడుచుకుని, తిన్నగా పురపాలక భవనానికి నడిచింది.

అప్పటికి చట్టం ఉంది. దేశం రాజరికాన్ని వదిలించుకోవడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, పారిస్‌లో పెద్దలు మొగుణ్ణి వదిలించుకునే వీలు కూడా కల్పించారు. కారణం చెప్పక్కర్లేదు, స్వభావాలు కలవలేదంటే చాలు. కాకపోతే ఆమె తరఫున ముగ్గురు, అతని తరఫున ముగ్గురు, అయినవాళ్లో స్నేహితులో, నెలల తేడాతో మూడుసార్లు కూర్చుని ఇద్దర్నీ కలపడానికి ప్రయత్నించాలి. మూడుసార్లూ కుదరకపోతే విడాకులు. మధ్యలో ఏ ఒక్క సభ తప్పినా, ఆమె మనసు మెత్తబడినా, మళ్లీ మొదటికే.

మొదటి సభలో ఎవ్రార్ అక్క సిడోనీ పెద్దరికం తీసుకుంది.

"ఏమ్మా, మా తమ్ముడు కొట్టాడా?"

"లేదు వదినా."

"తిట్టాడా?"

"లేదు."

"మరి?"

"మాట్లాడాడు."

సిడోనీ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమె అతనితో ఒకే ఇంట్లో పెరిగిన మనిషి. "ఎంతసేపు?" అంది.

"పదకొండేళ్లు."

"అక్కా, అసలు ఏం జరిగిందో నేను మొదట్నుంచి చెప్తాను," అన్నాడు ఎవ్రార్. చెప్పాడు. భోజనాల వేళ దాటింది. అతని సొంత తమ్ముడు గొద్‌ఫ్రువా గోడకు ఆనుకుని గురక పెట్టాడు. కలవలేదని రాసుకుని అందరూ లేచారు.

రెండో సభకు కొలోంబ్ పళ్లెం నిండా ఆందుయెట్లు పట్టుకెళ్లింది. గొద్‌ఫ్రువా నాలుగోది నములుతూ అడిగాడు. "వదినా, విడిపోయినా కొట్టు ఉంటుందిగా?"

"ఉంటుంది."

"అయితే నాకేం అభ్యంతరం లేదు."

మూడో సభ వచ్చేలోపు పారిస్‌లో పెద్దలు పంచాంగాన్నే మార్చేశారు. నెలల పేర్లు మారాయి, వారానికి పది రోజులయ్యాయి, ఆదివారం ఎగిరిపోయింది. కొలోంబ్‌కు అందిన చీటీలో "ఫ్రిమేర్ నెల పదో తారీఖు" అని ఉంది, కింద పురపాలక అధికారి లాంబినే సంతకం. ఆమె దాన్ని పొయ్యి పైన గోడకు కొట్టి, ఆ నెల మొదలైనప్పటి నుంచి రోజూ ఒక బొగ్గు గీత గీసుకుంది. లెక్క తప్పలేదు. పదో గీత నాడు చీటీ ఊడదీసుకుని, మంచి శాలువా కప్పుకుని, ఆరుగుర్నీ వెంటేసుకుని భవనానికి వెళ్లింది. తాళం వేసి ఉంది.

"ఇవాళ సెలవు," అన్నాడు కాపలావాడు. "పదో రోజు కదా. ఆదివారం బదులు ఇదే."

"మరి లాంబినే సంతకం పెట్టాడే."

"ఆయనకు మాత్రం ఈ లెక్కలు అలవాటా ఏం? చర్చిని వివేక దేవత గుడి చేశారుగా, ఆ ఊరేగింపులో ఉన్నాడు. గుడిలోకి వెళ్లాడంటే ఇక దొరకడు. ఉపన్యాసాలు పొద్దుగుంకేదాకా ఉన్నాయి."

కొలోంబ్ చీటీలోని తారీఖు మరోసారి చూసుకుంది. ఇవాళ తప్పితే మళ్లీ మొదటి సభ, మళ్లీ ఆరు నెలలు.

"మా తమ్ముడేడీ?" అంది సిడోనీ, చుట్టూ చూసి.

"అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు. నాలుగేళ్లకు పని దొరికింది," అన్నాడు గొద్‌ఫ్రువా.

ఏడుగురూ పరుగెత్తారు. పెద్ద వీధిలో నాలుగు గుర్రాల బండి, బండి మీద అట్టలతో కట్టిన కొండ, కొండ మీద తెల్లటి పల్చని బట్టల్లో వివేక దేవత. చేతితొడుగులు కుట్టేవాడి కూతురామె. జ్వరం వచ్చి జుట్టు కత్తిరించుకుంది కాబట్టి ఎవ్రార్ కట్టిన బంగారు రంగు జుట్టు పెట్టారు. శీతగాలి విసురుగా కొడుతోంది. దేవత పళ్లు టకటకలాడుతున్నాయి. ఆమె వెనక నక్కి కూర్చుని, ఎవ్రార్ రెండు చేతులతో ఆ జుట్టును అదిమి పట్టుకున్నాడు. బండి ముందు లాంబినే మూడు రంగుల పట్టీతో నడుస్తున్నాడు.

"లాంబినేగారూ, ఇవాళ మీరు..."

"గారు లేదు, మీరు లేదు. అందరం సమానం," అన్నాడతను, తల తిప్పకుండానే.

"సరే అయితే. ఒరేయ్ లాంబినే, ఇవాళ నా మూడో సభ."

అతను చీటీ చదివాడు. మొహం పట్టీలోని తెలుపు రంగుకు తిరిగింది.

"సెలవు రోజున ఆఫీసు పని పెట్టాడంటే," అన్నాడు గొద్‌ఫ్రువా గొంతు పెంచి, "పౌరుడు లాంబినేకు కొత్త పంచాంగం నచ్చలేదేమో."

"మెల్లగా మాట్లాడు నాయనా, నా తల పోతుంది. ఎక్కండి, ఎక్కండి."

అందరూ అట్టల కొండ ఎక్కారు. డప్పువాడి డప్పు బల్ల అయింది. "నా కాలు తొక్కకండి," అంది దేవత. గుడి తలుపులు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఎవ్రార్, నీ పెళ్లాం వెళ్లిపోతోందిరా. ఏమంటావు?" అంది సిడోనీ.

"ఉండక్కా, ఎడమ పాయ జారుతోంది." అంతే. ఇంకో మాట లేదు.

కొలోంబ్ అతన్ని చూసింది. కళ్లు మెరుస్తున్నాయి, నోరు మూసి ఉంది. పదకొండేళ్లలో ఆ రెండూ కలిసి ఆమె చూడలేదు. సిడోనీ అది గమనించి చెవిలో అంది. "ఇలా ఉంటే ఉంటావా? ఒక్కసారి ఆలోచించు."

కొలోంబ్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. లాంబినే కలం గాలిలో ఆగింది. బండి ఇరవై గజాలు కదిలింది.

ఎవ్రార్ ఇటు తిరిగాడు. "అసలు ఈ జుట్టు ఎక్కడిదో తెలుసా కొలోంబ్? మొదట్నుంచి చెప్తాను, ఒక మఠంలో..."

"కలవలేదు, రాసుకో," అన్నారు ఏడుగురూ ఒకేసారి.

మాట్లాడితే ఎవ్రార్‌కు చేతులు తిప్పడం అలవాటు. చేతులు తిప్పాడు. గాలి బంగారు జుట్టును ఒక్క విసురుతో లేపుకుపోయింది. గుండుకు దగ్గరగా కత్తిరించిన తలతో దేవత నిలబడిపోయింది. జనం టోపీలు ఎగరేశారు. వివేకం ప్రభువుల విగ్గును విసిరేసిందని వాళ్లు అనుకున్నారు. ఆ ఏడాది పండుగల్లో అదే గొప్ప ఘట్టమని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ కేకల మధ్య ఆరుగురూ డప్పు మీద సంతకాలు చేశారు. చివరి సంతకానికి గుర్రాలు గుడి తలుపు దాటాయి.

చట్టం చెప్పిన గడువు కాగానే విడాకులు రిజిస్టరుకెక్కాయి. విగ్గు బొమ్మ ఉన్న బోర్డు దింపి కొలోంబ్ తన పేరుతో కొత్తది పెట్టింది. ఎవ్రార్ సందు చివర గది తీసుకుని పండుగల దేవతలకూ, నాటకాలవాళ్లకూ జుట్టు కట్టి బాగానే బతికాడు. రిపబ్లిక్కు పోయి చక్రవర్తి వచ్చాడు, చక్రవర్తి పోయి మళ్లీ రాజు వచ్చాడు. రాజు వచ్చీరాగానే విడాకుల చట్టం ఎత్తేశారు.

"ఇప్పుడెలాగే?" అంది ముసలి సిడోనీ, పళ్లెం ముందు కూర్చుని.

"నాది అయిపోయింది వదినా. ఇక పుట్టేవాళ్ల సంగతి చూడాలి."

ఎవ్రార్ మాత్రం రోజూ ఆందుయెట్ తినడానికి వచ్చేవాడు. బండి కథ మొదట్నుంచి ఎత్తుకునేవాడు. మఠం దాటి బండి దగ్గరకు వచ్చేసరికి కొలోంబ్ లేచి తలుపు బార్లా తీసి పట్టుకునేది.

"కొట్టు కట్టేసే వేళయింది, ఎవ్రార్."

మిగిలిన సగం కథ అతను పిల్లుల సందుకు చెప్పుకుంటూ వెళ్లేవాడు.