వెళ్ళొస్తానన్న మాట

మొన్న ఆదివారం శాన్ రామన్‌లో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలి పక్కన కూర్చుని ఏదో తెలుగు సినిమా చూస్తున్నాను. తెరమీద ఒక తల్లి గుమ్మం దాటుతూ వెళ్ళొస్తానంది, కింద ఇంగ్లీషులో గుడ్‌బై అని పడింది. "తాతా, వెళ్ళొస్తా మీన్స్ గుడ్‌బై, రైట్?" అని అడిగింది పిల్ల.

ఎనభైల మొదట్లో లాస్ ఏంజెలస్‌లో పగలంతా ఆఫీసులో డ్రాయింగులు గీసి, సాయంత్రాలు స్క్రీన్‌ప్లే క్లాసుకి పరుగెత్తేవాణ్ణి. మనవాళ్ళలో ఒకడు సినిమా రాస్తానంటే ఆ రోజుల్లో అందరూ నవ్వేవాళ్ళు, మా ఆవిడతో సహా. నేర్పేవారు స్టూడియోల్లో రాసి రాసి తల నెరిసిన భార్యాభర్తలు. ఆయన పేజీలకి పేజీలు కొట్టేస్తూ పోతుంటే ఆవిడ పక్కనుండి మమ్మల్ని ఓదార్చేవారు. తెరమీద కనబడనిది కాగితం మీద ఉండకూడదనీ, ప్రేక్షకుడికి ఇచ్చిన మాట తప్పకూడదనీ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

నేను రాసింది మా అమ్మ కథ. ఆపరేషన్‌కని ఆస్పత్రికి బయల్దేరుతూ వెళ్ళొస్తానంది, మళ్ళీ రాలేదు. ఆ మాటనే ఇంగ్లీషులో మక్కీకి మక్కీ దించాను. మాస్టారు తనకు తెలిసిన నిర్మాతకి చూపిస్తానంటూనే, అక్కడ వేలు పెట్టి ఆగారు.

"వస్తానంది కదా. ఆఖరి పేజీ దాకా ఆవిడ కోసమే కూర్చున్నాను."

మన వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు, మనలో ఎవరూ గడప దాటుతూ వెళ్తున్నాననరు, అశుభం. అదే నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. మాస్టారి భార్య కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మాత్రం, ప్రతి ప్రేక్షకుడి పక్కనా కూర్చుని నువ్వు ఇదంతా చెప్పలేవు, గుడ్‌బై అని మార్చి తెమ్మన్నారు.

మార్చాల్సింది ఒక్క మాట. టైప్‌రైటర్ ముందు ఎన్ని సాయంత్రాలు కూర్చున్నా, మా అమ్మ చేత ఆ మాట అనిపించడానికి చేతులు రాలేదు. ఎదురుచూసి విసిగిన నిర్మాత ఇంకెవరి కథో తీసుకున్నాడు. తర్వాత మొదలుపెట్టినవేవీ రెండో సీను దాటలేదు. మాస్టారు పోయారు, ఆవిడా పోయారు, రాసినా చూపించడానికి మనిషి లేకపోయాడు. డ్రాయింగులు గీస్తూనే రిటైరయ్యాను.

పిల్ల ఇంకా నా మొహంకేసే చూస్తోంది. అదంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు, వినే తీరిక దానికీ లేదు. అవునమ్మా, గుడ్‌బైయే అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. మా అమ్మ ఇవాళే వెళ్ళిపోయినట్టనిపించింది.