చక్రాల కుర్చీ బొమ్మ కింద అక్క

మా అక్కకు శనక్కాయల చేలో పాము కరిచింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు. తొంభైల చివర్లో ఒక శిబిరంలో కృత్రిమ కాలు పెట్టించుకుని, నడక ఎంత బాగా నేర్చుకుందంటే, చీర కుచ్చిళ్లు పాదాల దాకా దిగితే కొత్తవాళ్లెవరూ పోల్చుకోలేకపోయేవాళ్లు. ఆ నడకే ఆమెకు చిక్కు తెచ్చింది.

కృత్రిమ కాలును బిగించే పట్టీలు మార్పించడానికి ఇద్దరం తనకల్లు నుంచి అనంతపురం పోతున్నాం. బస్సులో చక్రాల కుర్చీ బొమ్మ వేసి, 'వికలాంగులకు' అని రాసిన సీటులో అక్క కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. కదిరిలో ఎక్కినవాళ్లు బొమ్మ వైపోసారి, అక్క వైపోసారి చూడసాగారు. చివరికి ఒక పెద్దమనిషి అడిగేశాడు.

"కాళ్లు రెండూ బాగానే ఉండాయి కదమ్మా. ఆడ ఎందుకు కూచున్నావు?"

అక్క టిఫిన్ డబ్బా మూతతో కుడికాలి మీద కొట్టింది. ఠంగుమంది. ఆయన తల తిప్పుకున్నాడు. కానీ లోపల ఏదో కట్టుకొని వచ్చిందేమోనని వెనక ఎవరో గుసగుసలాడడం మా ఇద్దరికీ వినబడింది.

ఆ సాయంత్రమే అక్క ఒక చేతికర్ర కొనింది. నడవడానికి కాదు, నమ్మించడానికి. కర్ర కనబడితే చాలు, అడగకుండానే లేచి చోటిచ్చేవాళ్లు. ఆ మర్యాద అక్కకా, కర్రకా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

కొన్నేళ్ల తర్వాత రేషన్ కార్డు పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాం. మెట్ల పక్కన కొత్తగా ర్యాంపు కట్టి, గోడ మీద నీలం రంగులో అదే బొమ్మ వేశారు. అక్క కర్ర పట్టుకుని మెట్ల వైపు నడిచేసరికి వాచ్‌మన్ అడ్డమొచ్చాడు. ఆమె దారి అటుపక్కన ఉందన్నాడు. కృత్రిమ పాదం చీలమండ దగ్గర వంగదని, ఏటవాలులో జారుతుందని, కమ్మీ పట్టుకుని మెట్లెక్కడమే తనకు సులువని అక్క ఓపికగా చెప్పింది. అతను నమ్మలేదు.

"నీలాంటోళ్ల కోసమే కదమ్మా ఆ బొమ్మ ఏసింది."

"ఆ బొమ్మ గీసినాయప్ప నన్నెప్పుడన్నా చూసినాడా?" అంది అక్క.

కర్ర నా చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. అతను నా దగ్గరికి జరిగి, నిజం చెప్పమని, ఆమెకు అసలు కాలు ఉందా లేదా అని మెల్లగా అడిగాడు. నేను కర్ర పట్టుకుని అక్క వెనకే పైకి వెళ్లాను. పని ముగించుకుని దిగుతున్నప్పుడు కూడా అతని కళ్లు అక్క పాదాల మీదే ఉన్నాయి.