నువ్వు చూసినవా బిడ్డా

జడ్చర్ల దగ్గరి పల్లెలో నేను పశువుల డాక్టరుగా ఉన్నప్పుడు, గొర్రెలు కాసే ఒక అవ్వ ఏం చెప్పినా ఒకటే అడిగేది. "నువ్వు చూసినవా బిడ్డా?"

ఆ ఏడు బీటీ పత్తి ఆకు మేస్తే గొర్రెలు చస్తాయని ఊరంతా భయం. శాస్త్రవేత్తలు పరీక్షించారు, ప్రమాదం లేదన్నాను.

"నువ్వు చూసినవా?"

నేను కాగితం చదివానంతే. విసుగుతో "చూసిన అవ్వా" అన్నాను.

మర్నాడే పత్తిచేన్లోకి మందను తోలింది. పదకొండు గొర్రెలు చచ్చాయి. ఆకు మీద రైతు అంతకుముందే కొట్టిన పురుగుమందు ఉంది. ఆ సంగతి నేను కనుక్కోలేదు.

అవ్వ తిట్టలేదు. "చూసిన అంటివి గదా, గందుకే తోలిన" అంది.

తర్వాతా దవాఖానకు వచ్చేది. ఇచ్చిన మందు తీసుకుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయేది.