ఇంజను పీకేసిన కారు

మా ఆయనకు మొదటి విడత కీమో అయిపోయాక డాక్టరు వానాకాలమంతా విశ్రాంతి ఇచ్చాడు. దసరా దాటాక రెండో విడత మొదలుపెడదామన్నాడు. ఈయన మాత్రం ఇంటికి రాగానే, ఇంక ఆసుపత్రికి రానని చెప్పేశాడు. సూదులకు భయపడి కాదట, కారులో పెట్రోలు వాసన పడటం లేదట. నిజమే, ఆసుపత్రికి పోయే దారిలో ఎలహంక దాటేలోపే కడుపులో తిప్పేది. హెబ్బాళ ఫ్లైఓవరు మీద ప్లాస్టిక్ సంచీ పట్టుకొని కూర్చునేవాడు. క్యాబులు కూడా చూశాం. ఒకసారి ఎలక్ట్రిక్ క్యాబే వచ్చింది గానీ, అద్దానికి వేలాడదీసిన సెంటు సీసా దెబ్బకు సగం దారిలో దిగిపోయాడు.

నేను వదలకుండా అడుగుతూనే ఉన్నాను. ఒకరోజు విసిగిపోయి, "ఆ ఇంజను పీకేయ్, అప్పుడొస్తాలే," అన్నాడు.

నా నోరు మూయించడానికి అన్న మాట అది. నేను సరే అన్నాను.

నాకు ఆ పని కొత్త కాదు. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల మోటార్లు బాగుచేసే షెడ్డులో పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తున్నాను. కానీ ఆ మాట పట్టుకున్నది అందుకు కాదు, చేతులు ఖాళీగా ఉంటే ఏం చేసుకోవాలో తెలియక. ఆ రోజుల్లో నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలి కూడా సరిగా వేసేది కాదు. చుట్టాలు ఫోన్ చేసి ధైర్యంగా ఉన్నావమ్మా అని మెచ్చుకునేవాళ్ళు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. మొద్దుబారిపోయాను, అంతే.

పోర్టికో దూలానికి చైన్ పుల్లీ కట్టి, షెడ్డులో నాతో పనిచేసేవాళ్ళను ఇద్దరిని పిలిచి ఇంజను పైకి లాగాం. ఆయన ఉన్ని టోపీ పెట్టుకొని, కుర్చీ వేసుకొని చూశాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న కారు అది. ఇంజనునూ పెట్రోలు ట్యాంకునూ పాత ఇనుము కొనే గుజరీ అంగడికి వేసేశాను. కింది కార్పెట్టు చించి పారేశాను, సీటు కవర్లు మార్చాను, డిక్కీని సబ్బునీళ్ళతో కడిగి రోజంతా ఎండబెట్టాను. ట్యాంకు ఉన్న చోట బ్యాటరీలు కూర్చోబెట్టాను. పాత ఎలక్ట్రిక్ వ్యానులోంచి తెచ్చిన మోటారును గేరుబాక్సుకు బిగించాను. ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే ఆర్టీఓ అనుమతి కావాలని తెలుసు. తెలిసినా పట్టలేదు.

ఆయుధ పూజ నాటికి చివరి తీగలు కలపడం ఒక్కటే మిగిలింది. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మ పని కానిచ్చేసింది. కారుకు బంతిపూల దండ, అద్దానికి విభూతి, మోటారుకు కుంకుమ. ఆవిడ చేతిలో పసుపునీళ్ళ చెంబు, తమలపాకు. సాయంత్రం తీగలు కలిపి స్విచ్చి వేసి చూద్దామనుకుంటే అడ్డం నిలబడింది.

"ఈ పొద్దు ముట్టకూడదమ్మా. పూజ చేసిన బండి, ఈ పొద్దు దానికీ సెలవే."

వాదించే ఓపిక లేక లోపలికి వెళ్ళిపోయాను. మరుసటి రోజు బానెట్ ఎత్తి టార్చి వేస్తే, మోటారుకు కరెంటు పంపే కంట్రోలరు పెట్టెలో పసుపునీళ్ళు నిలిచి ఉన్నాయి. మూత బిగించకుండా నేనే వదిలాను. ఆవిడ తమలపాకుతో చల్లింది మోటారుకే గానీ, పక్కన నోరు తెరుచుకున్న పెట్టెకూ ప్రసాదం అందింది. ముందురోజు స్విచ్చి వేసి ఉంటే కాలి బూడిదయ్యేది. ముంచింది అత్తమ్మే, తేల్చిందీ అత్తమ్మే.

ఆవిడ నా మొహం చూసి బెదిరిపోయింది. నా మొహంలో ఏమీ లేదు, అదే ఆవిడకు భయం. పెట్టె విప్పి, బ్రష్షుతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాను. నీళ్ళలో పడిన ఫోనుకు చేసినట్టే చేద్దామని ఆవిడ దాన్ని బియ్యం డ్రమ్ములో పూడ్చింది. అది అందులో ఉన్న రెండు రోజులూ ఆ బియ్యమే వండింది. తిన్నాను. అన్నం రుచి ఎలాగూ తెలియడం లేదు.

కారు నడిచింది. డాక్టరు చెప్పిన తేదీ దాటకముందే నడిచింది.

ఆసుపత్రికి బయలుదేరిన పొద్దున అత్తమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గేటు దగ్గర నిలబడింది. బండి కదిలిన సంగతి నిమ్మకాయలు చితికాక గానీ ఆవిడకు తెలియలేదు. ఆయన మాట తప్పలేదు, నా పక్కన కూర్చున్నాడు. సీటు వాసన చూశాడు, వెనక్కి తిరిగి డిక్కీ వైపు కూడా వాసన పట్టాడు.

"నిజంగానే పీకేసినావు కదా," అని నవ్వాడు.

ఎలహంక దాటింది. హెబ్బాళ దాటింది. ఫ్లైఓవరు మీద ఆయన కిటికీలోంచి చెరువును చూస్తున్నాడు. చేతిలో సంచీ లేదు. నేనసలు సంచీ పెట్టుకొనే రాలేదు. ఎన్నాళ్ళకో నాకు కాస్త సంతోషం వేసింది. గెలిచాననుకున్నాను.

ఆసుపత్రి వీధిలోకి తిరిగాం. దాని గోడ కనబడగానే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కారు పక్కకు తీసేలోపే తలమీది టోపీ తీసి అందులోనే కక్కుకున్నాడు. నీళ్ళిచ్చాను. పుక్కిలించి, కళ్ళు మూసుకొని సీటుకు ఆనుకున్నాడు.

"పెట్రోలు వాసన వస్తాండాది," అన్నాడు.

ఆ కారులో పెట్రోలు చుక్క లేదు. అది ఆయనకూ తెలుసు. అప్పుడు నాకు భయం వేసింది. జబ్బు పేరు చెప్పిన రోజు వేయవలసిన భయం, అన్ని నెలలు ఆగి, అక్కడ, ఆ రోడ్డు పక్కన వేసింది. స్టీరింగును గట్టిగా పట్టుకున్నాను.

"ఔను, నాకూ వస్తాండాది," అన్నాను. "ఇంటికి పోయినాక ఇంకోసారి కడుగుతాలే."

ఆయన తలూపాడు. తలుపు తీసుకొని దిగి, నేను వచ్చేదాకా ఆగి, నా భుజం పట్టుకొని ఆసుపత్రి లోపలికి నడిచాడు.