కొండకు పెట్టని మామిడికాయ

1997 ఏప్రిల్‌లో నన్ను మారేడుమిల్లి పైనున్న ఒక కొండరెడ్ల ఊరికి టెలిఫోను బిగించే పని మీద పంపారు. విజయవాడలో ఒక కాంట్రాక్టు సంస్థలో జూనియర్ ఇంజనీరుగా చేరి అప్పటికి ఏడాది కాలేదు. తీగలు వెళ్ళని చోట రేడియో మీద నడిచే ఫోను అది. కావలసిన సామాను: యాంటెన్నాను ఎత్తున నిలిపే ఇనుప మాస్టు ముక్కలు, యాంటెన్నా, సోలార్ ప్యానెల్, యాసిడ్ బ్యాటరీలు. యాంటెన్నాకూ కింది టెలిఫోను స్టేషనుకూ మధ్య ఏ కొండా అడ్డు రాకూడదు కనుక మాస్టును ఊరి వెనక శిఖరం మీదే నిలబెట్టాలి. జీపు ఊరి దగ్గరే ఆగిపోతుంది. బ్యాటరీ ఒరిగితే యాసిడ్ కారుతుంది. మనుషులే నిలువుగా మోయాలి.

మోతకు ఊరి పెద్ద సోమిరెడ్డి ముందే ఒప్పుకున్నాడు. వానల్లో వాగు పొంగితే ఆసుపత్రికి కబురందదు. ఆయన కోడలికి శ్రావణంలో కాన్పు.

తనిఖీ పేరుతో మా మేనేజరు ప్రసాదరావు గారు కూడా జీపెక్కారు. ఆయన తెచ్చుకున్నవి గోనెసంచులు, చాకు, పొట్లంలో ఉప్పూకారం. ఘాట్ రోడ్డు మలుపులన్నిటా ఆయన అడిగింది ఒక్కటే.

"వీళ్ళు డాన్సు ఎన్నింటికి మొదలెడతారయ్యా?"

పండుగలకీ పెళ్ళిళ్ళకీ ఆడతారండీ అన్నాను.

"మనం వచ్చామని చెప్పు, ఆడతారు."

డాన్సు లేదు గాని మామిడి చెట్లు కనిపించాయి. కాయలు రాలి పడి ఉన్నా ఎవరూ ముట్టలేదు. "ఆవకాయకి ఇలాంటి పుల్లటి కాయ బెజవాడ మార్కెట్లో దొరుకుద్దా? ఒట్టి సోమరిపోతులు" అని ఆయన జీపు డ్రైవరు చేత సంచులు నింపించారు. ఒకటి కోసి, ఉప్పూకారం అద్దుకుని, చెట్టు కిందే తిన్నారు.

సోమిరెడ్డి వచ్చి చూశాడు. "ఇంకా కొత్త చెయ్యలేదు బాబూ. కొండకి పెట్టకుండా మేం తుంచం" అన్నాడు. కొత్త అంటే ఆ ఏటి తొలి కాయను కొండదేవతకు పెట్టాకే తినే పండుగ.

"కొండకి పెట్టేదేంటయ్యా, కాయ కొండదేగా."

"అందుకేనండి."

రాహుకాలం దాటేదాకా బెజవాడలో జీపు కదలనివ్వని ప్రసాదరావు గారు, ఈ మూఢనమ్మకాల వల్లే వీళ్ళు బాగుపడరని నాకు ఉపన్యాసమిచ్చారు.

మర్నాడు మోతకు ఎవరూ రాలేదు. కోడలి సంగతి గుర్తుచేసి, కాస్త నచ్చజెప్పమని సోమిరెడ్డిని అడిగాను.

"ఫోను మాకే కావాలి బాబూ. ఆయనుండగా మావోళ్ళు కొండెక్కరు. ఆయన్ని కిందికి పంపెయ్, ఇయ్యాలే మోస్తాం."

ఇంతకంటే తేలికైన షరతు నా సర్వీసులో మళ్ళీ వినలేదు. మేనేజరు గారికి విన్నవించాను.

"నన్ను పొమ్మనడానికి వాడెవడు?" అన్నారాయన.

అదే వారంలో మాస్టును కింద రోడ్డు పక్కనున్న మరో ఊళ్ళో నిలబెట్టించారు. అక్కడ ఫోను అప్పటికే ఉంది. ఆఫీసు రిపోర్టులో 'స్థానికుల సహకారం లోపించింది' అని రాశారు. ఆవకాయ ఆఫీసులో అందరికీ పంచారు. సోమిరెడ్డి కోడలిని వాగు పొంగకముందే డోలీ కట్టి మోసుకెళ్ళి, కిందనున్న బంధువుల ఇంట్లో కాన్పు దాకా ఉంచారని తరువాత తెలిసింది. మోయడం చేతకాని ఊరు కాదది.

ఏజెన్సీ కొండల్లో పని ఆగితే ఏ సామాను తక్కువైందని అందరూ వెతుకుతారు, ఏ మనిషి ఎక్కువయ్యాడో చూడరు. నేను మేనేజరునయ్యాక, రిటైరయ్యేదాకా, మాస్టు ఎక్కించే రోజున సైటుకి వెళ్ళలేదు. పనులు సకాలంలో పూర్తయ్యాయి.